స్నో స్కూటర్ ఎక్కాలంటే ముందు మంచు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, నల్లగొండ, దేవరకొండ, పాలమూరు, వనపర్తి నుంచి ఒకటే అడుగుడు: "మనాలి పోతున్నం, స్నో స్కూటర్ దొరుకుతదా?" ముందు జారే పలకలు, వెనక తిరిగే పట్టాతో మంచు మీద నడిచే మోటారు బండి అది. మంచు ఉంటే దొరుకుతుంది. మంచు ఉంటుందా లేదా అన్నది ఊరి పేరును బట్టి తేలదు. ఆ చోటు ఎంత ఎత్తులో ఉంది, ఆ వారం అక్కడ ఏం పడింది, ఈ రెండే తేలుస్తాయి. 2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో నెలలో చాలా రోజులు ఉత్త నేలే కనిపించింది. 2025లో అక్కడ ఫిబ్రవరి 22న మొదలుకావాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ను మంచు చాలక ఆపి, మార్చి 9 నుంచి 12 వరకు జరిపారు. ఆటల పోటీలకే తేదీ మార్చుకోక తప్పలేదు. రెండు నెలల ముందే ప్యాకేజీకి డబ్బు కట్టేసినవాళ్లకు ఆ వీలు కూడా ఉండదు.

సాగర్ గేట్లు ఎత్తారో లేదో కనుక్కోకుండా నల్లగొండలో ఎవరూ బండి తీయరు. శ్రీశైలం నుంచి ఎంత వదులుతున్నారు, ఎన్ని గేట్లు లేపారు, వాట్సాప్‌లో తిరిగే వీడియో ఈ ఏడుదేనా అని నలుగురిని అడిగి కదులుతారు. మంచు విషయంలోనూ అంతే చేయాలి. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం వేరు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఢిల్లీ దాకా రానుపోను టికెట్లు. ఆపైన మాత్రం రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి.
- కశ్మీర్ ఆలోచన ఉంటే ఒక పోస్ట్‌పెయిడ్ సిమ్. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. హిమాచల్‌లో ఆ ఇబ్బంది లేదు.
- ఫోన్‌లో వాతావరణం చూపే విండీ యాప్, ఉపగ్రహ చిత్రాలు చూపే నాసా వాళ్ల వరల్డ్‌వ్యూ వెబ్‌సైట్. రెండూ ఉచితంగా చూడొచ్చు.
- ఒంటికి అంటుకునే థర్మల్స్, వాటిమీద ఉన్ని స్వెట్టర్, పైన తడవని జాకెట్. రెండు జతల ఉన్ని సాక్సులు, చేతి గ్లోవ్స్, నల్ల కళ్లద్దాలు. జీన్స్ ఇంట్లోనే వదిలేయండి, ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు.
- రబ్బరు బూట్లు కొనక్కర్లేదు, అక్కడే అద్దెకిస్తారు.

1. సెలవు ఏ నెలలో ఉందో చూసి, దానికి తగ్గ ఎత్తు ఎంచుకోండి

మనాలి పట్టణం సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. సోలాంగ్ లోయ 2,500 దగ్గర, అటల్ టన్నెల్ దాటాక వచ్చే సిస్సు 3,100 దగ్గర, రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. కశ్మీర్ వైపు గుల్మార్గ్ 2,650 మీటర్లు. అక్కడి గొండోలా అనే రోప్‌వే మొదటి దశ కొంగ్‌డూరి దాకా, అంటే 3,000 దాటేదాకా తీసుకెళ్తుంది. రెండో దశ అఫర్వత్ కొండ వాలు మీద 3,900 దాటుతుంది. ఈ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి, ప్రతి మెట్టులోనూ వీటితో పని పడుతుంది.

దసరా సెలవుల్లో అయితే స్నో స్కూటర్ మాట మరిచిపోండి. సోలాంగ్‌లో అప్పుడు పచ్చగడ్డి ఉంటుంది. డిసెంబరు చివర్లో సిస్సు, గుల్మార్గ్‌లలో పడితే పడినట్టు, లేకపోతే లేదు. సంక్రాంతి సరిగ్గా కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల గట్టి చలి మధ్యలో వస్తుంది. అది డిసెంబరు 21న మొదలవుతుంది. చలికి లోటుండదు, మంచుకు మాత్రం హామీ లేదు. నన్నడిగితే ఫిబ్రవరి మొదటి మూడు వారాలే మేలు. ఇంట్లో ఇంటర్ పరీక్షల పిల్లలుంటే అది కుదరదు, అప్పుడు పరీక్షలయ్యాక మార్చి చివర్లో గుల్మార్గ్ పై భాగం చూడండి. మే నెలలో వెళ్లేవాళ్లకు మిగిలేది రోహ్‌తాంగ్, అఫర్వత్ లాంటి పై ఎత్తులే. రోహ్‌తాంగ్‌కు బండి పర్మిట్ ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మరమ్మతుల కోసం మంగళవారం టూరిస్టు బండ్లను వదలరు. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆంక్షలున్న చోటు కాబట్టి అక్కడ స్కూటర్లు నడుస్తున్నాయో లేదో విడిగా కనుక్కోండి.

2. ఢిల్లీ దాకా ఖాయం చేయండి, ఆపైన ఖాళీ ఉంచండి

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. మంచు సంగతి నమ్మకంగా తెలిసేది నాలుగైదు రోజుల ముందే. ఈ రెండూ ఎప్పటికీ కలవవు కాబట్టి టికెట్‌ను రెండు ముక్కలు చేయాలి. సికింద్రాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో, శంషాబాద్ నుంచి విమానంలోనో ఢిల్లీ దాకా ముందే తీసుకోండి. పాలమూరు, జడ్చర్ల వాళ్లు సిటీలోకి పోకుండానే శంషాబాద్ చేరొచ్చు. ఢిల్లీ నుంచి మనాలికి రాత్రి బస్సులు చాలా ఉంటాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారం తప్పిస్తే రెండు రోజుల ముందైనా సీటు దొరుకుతుంది.

డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచుకు రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. ఢిల్లీలో దిగే టైమ్‌కూ, మనాలి బస్సు టైమ్‌కూ మధ్య కనీసం సగం రోజు ఎడం పెట్టుకోండి.

3. పది రోజుల ముందు నుంచి వాతావరణం చూడండి, ఐదు రోజులే మిగిలేదాకా నమ్మకండి

మనకు వానలిచ్చే నైరుతి మేఘాలకూ ఈ మంచుకూ సంబంధం లేదు. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చే అల్పపీడనాలు, అంటే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లే హిమాలయాల్లో మంచు కురిపిస్తాయి. అది రాకపోతే రాత్రి మైనస్ 8 ఉన్నా ఒక్క రేకు పడదు. అందుకే యాప్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి సంబరపడకండి. వాతావరణ శాఖ (ఐఎండీ) సిమ్లా, శ్రీనగర్ కేంద్రాల బులెటిన్లలో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అన్న మాట వెతకండి. ఏ తేదీల్లో, ఎంత బలంగా అన్నది అక్కడే రాస్తారు.

ఎత్తు లెక్క ఇక్కడ పనికొస్తుంది. సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల చలి పెరుగుతుంది. మనాలిలో పడే సమయానికి 4 డిగ్రీలు ఉందనుకోండి. సోలాంగ్‌లో 1 డిగ్రీ, సిస్సులో మైనస్ 2 లేదా 3 ఉండొచ్చు. అంటే ఒకే మబ్బు మనాలిలో వాన, సోలాంగ్‌లో వానా మంచూ కలిసిన బురద, సిస్సులో అసలైన మంచు కురిపిస్తుంది. విండీలో ఫ్రీజింగ్ ఆల్టిట్యూడ్ అనే లేయర్ నొక్కితే సున్నా డిగ్రీలు ఏ ఎత్తులో ఉన్నాయో చూపిస్తుంది. ఆ అంకె మీరు వెళ్లే చోటి ఎత్తుకంటే తక్కువగా ఉంటే మంచు ఆశ పెట్టుకోవచ్చు.

వర్షపాతం మిల్లీమీటర్లలో ఇస్తే, సున్నా కింద ఉన్న చోట ఒక మిల్లీమీటరుకు సుమారు ఒక సెంటీమీటరు కొత్త మంచు అనుకోండి. 20 మిల్లీమీటర్లంటే జానెడు. అది దూదిలా ఉండే మంచు, బండి తొక్కితే సగానికి అణిగిపోతుంది.

వెళ్లాల్సిన రోజు మంచు పడే రోజు కాదు. పడి ఆగిన తర్వాత ఒకటి రెండు రోజులకు చేరేట్టు చూసుకోండి. ఆకాశం తేరుకుంటుంది, రోడ్డు తీస్తారు, ట్రాక్ గట్టిపడుతుంది.

4. ఉపగ్రహ చిత్రంలో నేల చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఫోన్‌లో పది నిమిషాల పని.

వరల్డ్‌వ్యూ తెరిచి మనాలి లేదా గుల్మార్గ్ మీదికి జరపండి. లేయర్లలో టెర్రా ఉపగ్రహం తీసిన 7-2-1 బ్యాండ్ల చిత్రం (కంటికి కనిపించని కాంతి కూడా కలిసింది) కలపండి. మామూలు చిత్రంలో మంచూ మబ్బూ రెండూ తెల్లగానే కనిపించి మోసం చేస్తాయి. 7-2-1లో మంచు నీలి ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది, కింది మబ్బులు తెల్లగా మిగులుతాయి, చెట్లున్న చోటు పచ్చగా ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా ఎత్తున ఉండే పలచటి మబ్బుల్లోనూ మంచు పలుకులుంటాయి కాబట్టి అవీ అదే రంగులో కనిపిస్తాయి. కింద తేదీ పట్టీని ఒక రోజు ముందుకీ ఒక రోజు వెనక్కీ జరపండి. మబ్బు చోటు మారుతుంది, నేల మీది మంచు కొండ గీతల వెంటే కదలకుండా ఉంటుంది.

ఈ చిత్రంలో లోయలు మాత్రమే తెలుస్తాయి, మైదానాలు తెలియవు. సోలాంగ్‌లో స్కూటర్లు తిరిగే చోటే చూడాలంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే యూరప్ వాళ్ల వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు తీయండి. పది మీటర్ల వివరం ఉంటుంది, ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది. ఆ రోజు మబ్బుంటే మాత్రం ఏమీ కనిపించదు. చలికాలం చిత్రాల్లో కొండ నీడ పడ్డ వాలు నల్లగా ఉంటుంది, దాన్ని చూసి మంచు లేదనుకోవద్దు. ఉత్తరం వైపు తిరిగిన ఆ నీడ వాలుల్లోనే మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

చిత్రం సరిగ్గా చదువుతున్నారో లేదో పరీక్షించుకోవాలంటే ముందు 2024 జనవరి 10, తర్వాత అదే ఏడు ఫిబ్రవరి రెండో వారం తేదీలు పెట్టి గుల్మార్గ్ చూడండి. తేడా కంటికి తెలియాలి. తెలియకపోతే లేయర్ తప్పు పెట్టారు, లేదా ఆ రోజు మబ్బుంది, పక్క రోజు చూడండి.

5. ఫోన్ చేయండి, కానీ సరైన ప్రశ్న అడగండి

"బర్ఫ్ హై క్యా?" అని అడిగితే ఏ హోటలైనా "బహుత్ హై సర్" అనే అంటుంది. అబద్ధం కూడా కాదు, ఎదురుగా కనిపించే శిఖరం మీద ఏడాదంతా ఉంటుంది. మన పాలమూరు హిందీతో పని నడుస్తుంది, మొహమాటం లేకుండా ఇలా అడగండి:

- "ఆజ్ సుబహ్ స్నో స్కూటర్ చలా క్యా? కౌన్సే పాయింట్ పే?" (ఈ పొద్దున స్కూటర్ నడిచిందా, ఏ పాయింట్‌లో?)
- "రాస్తా ఖులా హై? హమారీ గాడీ జాయేగీ యా ఫోర్ బై ఫోర్ లేనీ పడేగీ?" (దారి తెరిచే ఉందా, మా బండి పోతుందా, లేక నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోర్ తీసుకోవాలా?)
- "దోపహర్ కో భీ చల్తా హై, యా సిర్ఫ్ సుబహ్?" (మధ్యాహ్నం కూడా నడుస్తుందా, పొద్దున మాత్రమేనా?)

మూడో ప్రశ్నకు "సిర్ఫ్ సుబహ్" అంటే మంచు పలచబడిందని అర్థం. మధ్యాహ్నానికి కరిగి నీళ్లవుతోందన్నమాట.

ఇద్దరిని అడగండి. గది ఇచ్చేవాడు ఒకడు, గది ఇవ్వనివాడు ఒకడు. క్యాబ్ డ్రైవరైనా సరే, టీ కొట్టైనా సరే. కుదిరితే వీడియో కాల్ చేసి కెమెరాను శిఖరం వైపు కాదు, రోడ్డు అంచు వైపు తిప్పమనండి. పంపించిన వీడియోను లెక్కలోకి తీసుకోకండి, అది పోయినేడాది ఫిబ్రవరిది అయి ఉండొచ్చు.

సిస్సు, కోక్సర్ వైపు వెళ్లేవాళ్లు ఇంకో మాట అడగాలి. జనవరి చివర్లో, ఫిబ్రవరిలో టన్నెల్ అవతలి లాహౌల్ గ్రామాల్లో దేవతల పండుగలుంటాయి. ఆ రోజుల్లో అక్కడి పంచాయతీలు టూరిస్టుల ఆటలు పూర్తిగా ఆపేస్తుంటాయి. మంచు నిండుగా ఉన్నా స్కూటర్ ఒక్కటీ కదలదు. అది వాళ్ల ఊరు, వాళ్ల పండుగ, బేరమాడే విషయం కాదు.

6. దారి చూసుకోండి

కొత్త మంచు పడగానే మనాలి దగ్గర నెహ్రూ కుండ్ వద్ద పోలీసులు మామూలు కార్లను ఆపి, ఫోర్ బై ఫోర్ బండ్లనే సోలాంగ్ వైపు వదులుతారు. 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ 2020 అక్టోబరు నుంచి ఉన్నా, గట్టిగా పడితే టూరిస్టులను ఆపేస్తారు. కుల్లు, లాహౌల్ స్పితి పోలీసులు తమ సోషల్ మీడియా పేజీల్లో పొద్దున్నే చెబుతారు, టిఫిన్‌కు ముందే చూడండి. గుల్మార్గ్‌కైతే టంగ్‌మార్గ్ దగ్గర బండి మారాల్సి రావచ్చు. అక్కడి నుంచి మిగిలిన 13 కిలోమీటర్లు గొలుసులు కట్టిన టైర్లున్న బండే వెళ్తుంది. ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే రాతలో తీసుకోండి.

శ్రీనగర్ విమానాలు మంచుకు రద్దవుతుంటాయి, జమ్మూ రోడ్డు కూడా మూతపడుతుంటుంది. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది, దాన్ని చేతిలో ఉంచుకోండి.

భారీగా పడిన వెంటనే ఏటవాలు గుంతల్లోకి, ఎవరూ తిరగని వాలుల మీదికి స్కూటర్ తీసుకెళ్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుల్లో మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్ఈ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజు కింది మైదానానికే పరిమితం కండి.

7. డబ్బు ఇచ్చేముందు ట్రాక్ మీద నడవండి

చేరామన్న ఉత్సాహంలో చీటీ కొనేస్తారు. ఐదు నిమిషాలు ఆగండి.

మడమతో గట్టిగా రెండు మూడు సార్లు తన్నండి. గడ్డో మట్టో బయటపడితే అది స్కూటర్ తిరిగే మంచు కాదు. గట్టిపడ్డ మంచు జానెడైనా ఉండాలి. ట్రాక్ మీద గోధుమరంగు చారలు కనిపిస్తే యంత్రం మట్టిని తవ్వుతోందని తెలుసుకోండి. ఒక రౌండ్ వెళ్లొచ్చేదాకా చెవి పెట్టి వినండి, ముందుండే జారే పలకలు, అంటే స్కీలు, రాళ్ల మీద గరగరలాడే చప్పుడు వస్తే చాలు, అర్థమైపోతుంది.

ఇదంతా మన సరదా కోసమే కాదు. చాలా స్నో స్కూటర్లలో ఇంజను వేడి తగ్గేదే వెనక పట్టా ఎగజిమ్మే మంచు వల్ల. పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకు తడి కూడా ఆ మంచే. పలచటి మంచు మీద నడిపితే ఇంజను వేడెక్కుతుంది, పట్టీలు అరిగిపోతాయి. అందుకే బండి మీద ప్రేమ ఉన్న ఆపరేటర్ అలాంటి రోజు నడపడు. నడిపేవాడు మంచు మిగిలిన ఒక్క ముక్కలో గుండ్రంగా తిప్పి దింపేస్తాడు, డబ్బు మాత్రం పూర్తి రౌండ్‌కే తీసుకుంటాడు.

కాబట్టి బేరం నిమిషాల్లో కాదు, ఎక్కడి నుంచి ఎక్కడికో వేలెత్తి చూపించి మాట్లాడండి. "ఆ చెట్టు దాకా పోయి రావాలి" అని ఖాయం చేసుకోండి. రేటు బోర్డు ఉంటే దాని ఫొటో తీసుకోండి. రేటు మనిషికా, బండికా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య మేలు. మరీ తెల్లవారుజామున రాత్రి గడ్డకట్టిన పొర మీద స్కీలు పట్టు దొరక్క జారతాయి.

8. ఎక్కేటప్పుడు

హెల్మెట్ అడగండి, లేదంటే ఇంకో బండి చూసుకోండి. యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద చిన్న మీటలా ఉంటుంది. మన బైక్ అలవాటుతో పిడి మెలిపెట్టి, పట్టు కోసం బిగించి పట్టుకుంటే బొటనవేలు మీటను నొక్కేసి బండి ఎగిరి దూకుతుంది. బ్రేకు ఎడమ చేతి దగ్గర. కిల్ స్విచ్‌కు కట్టి ఉండే తాడు కొన నడిపేవాళ్ల ఒంటికి తగిలించి ఉండాలి, పడిపోతే ఇంజను తనంతట ఆగుతుంది. మొదటిసారి అయితే వాళ్ల డ్రైవర్‌నే ముందు కూర్చోబెట్టండి.

చున్నీ, చీర కొంగు, వేలాడే మఫ్లర్ జాకెట్ లోపలికి దోపేయండి. వెనక పట్టాలో చిక్కితే లాగేస్తుంది. పిల్లలను వెనక చివర కాకుండా మధ్యలో కూర్చోబెట్టండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను 3,900 మీటర్ల దాకా తీసుకెళ్లే ముందు ఇక్కడే డాక్టర్‌ను అడగండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ప్యాకేజీ కాగితంలో "స్నో యాక్టివిటీస్ కలిపి" అని చూసి ఊరుకోవడం అన్నిటికంటే పెద్దది. ఏ పాయింట్‌లో, మంచు లేకపోతే ఎంత వాపసు అన్నది అందులో ఉండదు. వాట్సాప్‌లోనైనా సరే, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రాయనంటే ఆ ముక్క తీసేసి ధర తగ్గించమనండి.

రెండోది, మనాలిలోనే మూడు రోజులు పెట్టుకుని సిస్సుకు ఒక్క పూట ఇవ్వడం. ఆ ఒక్క పూట రోడ్డు మూస్తే అంతే సంగతులు. పైకి వెళ్లే రోజును ముందు పెట్టుకుని, దాని వెనక ఒక ఖాళీ రోజు ఉంచండి.

మూడోది, దారిలో డ్రైవర్ ఆపిన దుకాణంలో కోటు, బూట్లు, గ్లోవ్స్, కర్ర అన్నీ తీసుకోవడం. జాకెట్ మీ దగ్గర ఉంటే బూట్లు చాలు. లోపల చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉన్న జత వద్దు.

వెళ్లాక మంచు లేకపోతే

ఎత్తు పెంచడమే మార్గం. సోలాంగ్‌లో లేకపోతే టన్నెల్ దాటి సిస్సు, అక్కడా లేకపోతే కోక్సర్ వైపు అడగండి. సోలాంగ్ రోప్‌వే ఎక్కితే పైన నడిచే మంచైనా దొరకొచ్చు. గుల్మార్గ్ మైదానంలో లేకపోతే కొంగ్‌డూరి దగ్గర స్కూటర్లు నడుస్తున్నాయేమో టికెట్ కౌంటర్‌లోనే కనుక్కోండి. అఫర్వత్ దశ మంచు చూడటానికి, స్కూటర్ కోసం కాదు. గొండోలా టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు. అందుకని టికెట్‌ను ఉన్న రోజుల్లో మొదటి రోజుకే తీసుకోండి.

మట్టి నేల మీద నాలుగు చక్రాల ఏటీవీ తెచ్చి, అదే స్నో బైక్ అని, అదే రేటు చెబుతారు. కావాలంటే ఎక్కండి, రేటు మాత్రం సగం నుంచి మొదలుపెట్టండి.